పడమటి ఊయల పాట

మొన్నామధ్య ఒక పెళ్లి బరాత్‌లో డీజే పెట్టెలు దద్దరిల్లుతుంటే, నా పక్కన చిందులేస్తున్న చుట్టం ఒకాయన నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "బావా, గిది మన అమ్మమ్మల కాలం పాటనే. గిసొంటి పాటలు ఇప్పుడు ఎవలు కడ్తరు?" నాకు ఒళ్లు మండింది. ఏ అమ్మమ్మ పాడింది, ఎక్కడ పాడింది? ఆ పాట మా జగిత్యాల వైపు పుట్టనే లేదు. ఒమన్ దేశంలో, సోహార్ పోర్టు రోడ్డు మీద, ఏసీ నడుస్తున్న పికప్ బండిలో, ఒక అమెరికా ముసలాయన సీడీ నుంచి నా దగ్గరికి వచ్చింది. దానికి మాటలు కట్టింది నేను. ఎవరి కోసం కట్టానో ఆ ఒక్కరి దగ్గర మాత్రం అది నాదిగా మిగల్లేదు. పెళ్లిలో పంచాయితీ ఎందుకని అప్పుడు నోరు మూసుకున్నాను. కడుపులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కాలి కదా, అందుకే రాస్తున్నాను.

రెండువేల ఏడో, ఎనిమిదో. సోహార్‌లో ఎటు చూసినా క్రేన్లే. నేను మొదట హెల్పర్‌గా దిగి పైపులు మోశాను. తర్వాత తంటాలు పడి లైసెన్సు తెచ్చుకుంటే డ్రైవర్ డ్యూటీ ఇచ్చి, వెల్డింగ్ అతుకులు పరీక్షించే అమెరికన్ ఇన్‌స్పెక్టర్‌కు నన్ను అంటగట్టారు. టెక్సస్ నుంచి వచ్చిన ముసలాయన. పొడుగ్గా, ఎండకు ఎర్రగా కమిలిపోయి ఉండేవాడు. సైట్‌లో ఆయన్ని చూస్తే ఫోర్‌మన్లకు హడల్. అతుకులో వెంట్రుకంత తేడా కనిపించినా సుద్దతో గీత గీసి, కోసి మళ్లీ చేయమనేవాడు. బండెక్కాడా, వేరే మనిషి. పొద్దున్నే క్యాంపు గేటు దాటగానే సీడీ పెట్టేవాడు. ఉన్నది ఒక్కటే సీడీ, అందులోనూ ఒక్కటే పాట, మళ్లీ మళ్లీ.

మొదట రెండు ఫిడేళ్లు జంటగా పరిగెడతాయి. వెనక పెళ్లి బ్యాండులా డ్రమ్ము. ఆ తర్వాత ఏడుస్తున్నట్టు జారిపోయే గిటారు. ఇవన్నీ సరే, పాట మధ్యలో పాటగాడు పాడటం ఆపి ఎవరినో కేకేస్తాడు. వెంటనే ఫిడేలు అందుకుంటుంది. తాగి పాడుతున్నాడేమో, దాన్ని కూడా రికార్డు చేసి అమ్ముతారా అనుకున్నాను. కొన్నాళ్లు తలనొప్పి వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు మొదలైందో తెలియదు, రౌండబౌట్ల దగ్గర ఆగినప్పుడల్లా స్టీరింగ్ మీద నా వేళ్లు వాటంతటవే తాళం వేయసాగాయి.

ఒకరోజు ఉండబట్టలేక, "సార్, ఇది ఏ రకం పాట?" అని అడిగాను. "వెస్టర్న్ స్వింగ్," అన్నాడు. వెస్టర్న్ అంటే పడమర అని తెలుసు. స్వింగ్ అంటే ఏమిటన్నాను. ఆయన అరచేతిని గాలిలో అటూ ఇటూ ఊపి చూపించాడు. "ఝూలా?" అన్నాను. ఎన్నో ఏళ్లుగా మనవాళ్లతో పనిచేసిన మనిషి కాబట్టి నాలుగు హిందీ ముక్కలు వచ్చు. "యస్, ఝూలా, స్వింగ్," అని నవ్వాడు. అంతే, నాకు సంగతి తేలిపోయింది. అటూ ఇటూ ఊగేది ఊయల, ఊయల దగ్గర పాడేది జోలపాట. వాళ్ల దేశంలో పడమటి జిల్లాల తల్లులు ఇలా పాడతారు కాబోలు, తెల్లవాళ్ల పిల్లలకు ఇంత గోల ఉంటే తప్ప నిద్ర పట్టదు కాబోలు అనుకున్నాను. నవ్వకండి. నా చోట మీరున్నా అలాగే అనుకునేవారు.

ఆ మాట నన్ను అంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. నేను విమానం ఎక్కేనాటికి నా భార్య కడుపుతో ఉంది. కూతురు పుట్టిందన్న కబురు సైట్‌లో హెల్మెట్ పెట్టుకుని, ఒక చెవి మూసుకుని ఫోన్‌లో విన్నాను. అప్పటినుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసేవాణ్ని. పిల్లకు ఏడాది దాటింది. "బాపు మాట్లాడుతుండు, విను" అని చెవి దగ్గర ఫోన్ పెడితే, నా గొంతు వినగానే గుక్కపట్టి ఏడ్చేది.

"ఎవలో మొగోని గొంతని బుగులు పడుతున్నది," అనేది నా భార్య. "నువ్వేం మనసుల పెట్టుకోకు. దానికి అలవాటు లేదు గదా."

మనసులో పెట్టుకోకు అంటే ఆగుతుందా? కన్నబిడ్డకు నా గొంతు దయ్యం గొంతులా వినిపిస్తోంది. నా మొహం ఎలాగూ తెలియదు, గోడ మీద ఫోటో తప్ప. కనీసం గొంతైనా తెలియాలి. రేపు నేను సెలవు మీద వెళ్లి గడపలో నిలబడి "బిడ్డా" అంటే, వచ్చింది మా బాపు అని ఆ పిల్ల తిరిగి చూడాలి. ఆ రోజుల్లో నాకు ఉన్న కోరిక అదొక్కటే. మిగతావన్నీ కంపెనీ ఎలా ఇస్తే అలా.

మా రూమ్‌లో నా కింది మంచం మీద సిరిసిల్ల దిక్కు మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు కట్టే పని. నాకంటే పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ని. ఊళ్లో భజన మండలిలో డోలక్ వాయించేవాడట. ఇక్కడ డోలక్ ఎక్కడిది, ఖాళీ పెయింట్ డబ్బా బోర్లించి వాయించేవాడు. ఒక శుక్రవారం ఆయనతో అన్నాను.

"అన్నా, తొట్టెల పాట ఒకటి కడ్దామనుకుంటున్న."

"నువ్వా? నీకు హారన్ గొట్టుడు తప్ప ఏమొస్తది తమ్మి?"

"ట్యూన్ ఉన్నదే. మా ముసలాయన బండ్లది. అమెరికోళ్ల తొట్టెల పాట."

"అమెరికోళ్లు తొట్టెల్ల పండుకుంటరా?" అని ఆశ్చర్యపోయాడు గానీ, నేను కూనిరాగం తీయగానే డబ్బా ముందుకు లాక్కున్నాడు. "ఉరుకుతున్నవు. బిడ్డ కింద పడ్తది. నిమ్మలంగ," అని తాళం తగ్గించాడు. ఆ నెమ్మదిలో ఆ రాగం మరోలా అయింది. గుర్రం దిగి నడిచినట్టు అయింది.

మాటలకు పెద్దగా వెతుక్కోలేదు. నా భార్య బీడీలు చుడుతుంది. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి తొట్టెలకు పొడుగాటి తాడు కట్టి, దాని కొస కాలి బొటనవేలికి తగిలించుకుని, ఆకు కత్తిరిస్తూనే ఊపుతుంది. మా వైపు చాలా ఇళ్లలో అంతే. ఆ తాడు సోహార్ దాకా ఉంటే ఎంత బాగుండును అనిపించింది. అదే పాటయింది.

ఊగవే బిడ్డా ఊగవే
ఉప్పునీళ్ల అవుతల్నుంచి ఊపుతున్న
తాడు పొడుగున్నదే బిడ్డా
కొస మాత్రం ఇడువలే

సీడీలో పాటగాడు మధ్యలో కేకేస్తాడు కదా, మాకూ ఒకటి కావాలనుకున్నాం. అన్న డబ్బా ఆపి, "ఎవ్వల బిడ్డవే?" అని అడుగుతాడు. నేను "నా బిడ్డవే" అని అందుకుంటాను. ఏసీ మోత పడకుండా బంద్ చేసి, చెమటలు కారుతుండగా అన్న ఫోన్‌లో రికార్డు చేశాం. ఆఖర్లో ఎవరో దగ్గారు. పోనీలే, ఆ దగ్గు కూడా పిల్ల వింటుంది, బాపు రూమ్‌లో ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది అన్నాడు అన్న. ఆ నెలలోనే ఆయన సెలవు మీద పోతూ పాట ఎక్కించిన మెమరీ కార్డు తీసుకెళ్లి మా ఇంట్లో ఇచ్చాడు. నా భార్య దాన్ని తన ఫోన్‌లో వేసుకుంది.

"నీ పాట పెడ్తే కిక్కురుమంటలేదు," అంది ఆ తర్వాతి శుక్రవారం. "ఫోన్ తొట్టెల్ల పెడ్తున్న. పక్కకు మర్రి దాన్నే సూసుకుంట పండుకుంటున్నది."

కొన్ని వారాలకు పిల్ల ఫోన్ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఏడవదు, మాట్లాడదు, ఊపిరి మాత్రం వినిపించేది. నేను "ఊగవే బిడ్డా" అని మెల్లగా పాడితే ఆ ఊపిరి ఆగి వినేది. ఒకరోజు "ఊగు" అంది. ఇంకొక వారం "బాపు" అంది. నేను అప్పుడు ఒక మలయాళీ హోటల్ వెనక గోడకు ఆనుకుని ఉన్నాను. చేతిలో కరక్ చాయ్ ఒలికిపోయింది. సిగ్గులేకుండా ఏడ్చాను. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు, కలుగుతుందని కూడా అనుకోను.

ఆ ఊపులో ముసలాయనకు చెప్పాను, మీ పాటను మా భాషలో నా కూతురి తొట్టెల దగ్గరికి పంపానని. ఆయనకు ముందు అర్థం కాలేదు. పిల్ల, తొట్టెల, నిద్ర అని సైగలు చేసి చెప్పాక, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. స్వింగ్ అంటే ఊయల కాదట, డ్యాన్సట. జనం శనివారాలు పెద్ద పెద్ద హాళ్లలో చేరి, బూట్లు అరిగేదాకా గంతులేసే పాటట అది. "దీంతో పిల్లను నిద్రపుచ్చావా?" అని మళ్లీ నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి గానీ, నా పిల్ల నిద్రపోతోంది కదా, నీ డ్యాన్సు సంగతి నాకెందుకు అనుకున్నాను.

ఆ రోజే మస్కట్ దారిలో దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. అది మొదట మాటలు లేని రాగమట. పత్తి చేలల్లో పనిచేసే ఒక ఫిడేలు మనిషి ఇరుగుపొరుగు పెళ్లిళ్లలో వాయించేవాడట. ఒక బ్యాండు పెద్ద దాన్ని విని, మాటలు రాయించి, డ్రమ్ములూ బాకాలూ చేర్చి రికార్డు చేశాడు. రేడియోలో రాని రోజు లేదు, అది వేయని హాలు లేదు. ఈయన తల్లిదండ్రులు ఒకరినొకరు చూసుకున్నది ఆ పాటకేనట. ఆ ఫిడేలు మనిషి ముసలితనంలో ఎవరి పెళ్లిలోనో మళ్లీ అదే వాయిస్తే, పర్వాలేదు గానీ రికార్డులో ఉన్నట్టు లేదన్నారట జనం. ముసలాయన అది తమాషాగా చెప్పాడు. నేనూ నవ్వాను.

ఇంతలో నా పాటకు కాళ్లొచ్చాయి. అన్న సెలవు మీద పోయేముందే రూమ్‌లో వాళ్లకు బ్లూటూత్‌లో ఇచ్చాడు. వాళ్లు కంపెనీ బస్సులో పక్కవాళ్లకు ఇచ్చారు. బహ్లాలో ఖర్జూరం తోటల్లో పనిచేసేవాళ్ల దగ్గర విన్నామని ఒకరు చెప్పారు. ఒమన్‌లోనే ఇంకో మూలనున్న దుక్మ్ నుంచి మా ఊరివాడు ఫోన్ చేసి, "మా క్యాంపుల ఒక తొట్టెల పాట తిరుగుతున్నది, నీకు పంపాల్నా?" అన్నాడు. అది పాడింది నేనేరా అంటే, "చల్, నీ మొహం" అని పెట్టేశాడు. సోహార్ మొబైల్ షాపులో ఒకసారి ఇళ్లలో పనిచేసే కడప మనిషి ఒకామె, "ఆ బిడ్డ పాట నా ఫోన్లోకి ఎక్కించు అన్నా. ఇంటికాడ నా కూతురు గుర్తొస్తాంది," అని అడుగుతుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. పాడింది నేనని చెప్పలేదు. చెప్పకుండా మురిసిపోవడంలోనే ఎక్కువ సుఖం ఉందనిపించింది.

ఆ సుఖం సెలూన్‌లో తీరింది. అన్న సెలవు నుంచి తిరిగొచ్చి చాలా నెలలైంది. నా సెలవు కాగితాలు మాత్రం ప్రాజెక్టు అయ్యాక చూద్దామని ముదీర్, అంటే మా మేనేజరు, తన టేబుల్ మీదే పెట్టుకున్నాడు. ఒకరోజు ముసలాయనను క్షవరానికి నిజామాబాద్ అతని సెలూన్‌కు తీసుకెళ్లాను. గోడ మీది టీవీలో ఊరి నుంచి కొత్తగా వచ్చిన సీడీ ఆడుతోంది. నల్ల కళ్లద్దాల యువకుడొకడు, వెనక డజను మంది అమ్మాయిలు, జొన్న చేలో గంతులు. "ఊగవే పిల్లా ఊగవే" అని మొదలైంది. నాకు మొదట తెలియలేదు. "ఊరవుతల తోటనుంచి ఊపుతున్న" అన్నాక తెలిసింది, అది నా పాటే. బిడ్డ పోయి పిల్ల వచ్చింది. సముద్రం పోయి తోట వచ్చింది. "ఎవ్వల పిల్లవే?" అని గుంపంతా అడుగుతుంటే, వాడు కన్ను కొట్టి "నా పిల్లవే" అంటాడు. పాడినవాడి గొంతు తేనెలా ఉంది, కొంచెం ముక్కుతో, ప్రతి పాదం చివర ఒక విరుపుతో. అట్ట మీద చూస్తే, రాసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట జానపదం అని ఉంది.

ముసలాయన సబ్బు నురగ మొహంతో లేచి కూర్చున్నాడు. తాళం మళ్లీ ఉరుకుల తాళం అయింది కదా, గుర్తుపట్టేశాడు. మోకాళ్ల మీద చేతులు కొడుతూ, "ఇదీ స్వింగంటే, ఇప్పుడు సరిగ్గా వచ్చింది," అని పొంగిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన్ని ఏమనగలను?

"అన్నా, ఇది నా పాట," అన్నాను సెలూన్ అతనితో.

"నీదైతే సీడీల నీ బొమ్మ ఏది?" అన్నాడు కత్తికి బ్లేడు మారుస్తూ. హేళన కాదు, నిజంగానే అడిగాడు.

రూమ్‌కు వెళ్లి సిరిసిల్ల అన్న దగ్గర ఆ పాటగాణ్ని, ఆ కళ్లద్దాలవాణ్ని, సీడీ తీసినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అంతా విని, "ఖల్లీ వల్లీ తమ్మి, పోనియ్యి," అన్నాడు. "పాటను ఎత్కపోయిండ్రు. బిడ్డ కాడున్నది నీ గొంతు. దాన్ని ఎవడు ఎత్కపోతడు?" ఆ మాట నిజమే అనిపించింది. కడిగేసినట్టు కోపం పోయింది. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

ఆ శుక్రవారం ఫోన్ చేశాను. చాలా వారాలుగా నా భార్య "పండుకున్నది" అనో, "ఆడుకోను పోయింది" అనో చెబుతోంది. ఈసారి పిల్లను పిలిచేదాకా ఫోన్ పెట్టనని మొండికేశాను. పిల్ల వచ్చింది. నేను మాట్లాడకుండా పాటే ఎత్తుకున్నాను, నెమ్మదిగా, మామూలుగా పాడినట్టే. ఒక పాదం కాకముందే అవతల పిల్ల తల్లితో అంటోంది.

"అమ్మా, బాపు గాదే. ఎవలో."

నేను ఆగిపోయాను. "బిడ్డా, నేనే," అన్నాను. "ఎవలో" అని మళ్లీ అని, ఫోన్ తల్లి చేతిలో పెట్టి వెళ్లిపోయింది. నా భార్య చెప్పింది, ఏడుపు ఆపుకుంటూ.

"ఫోన్ నీళ్ల గోలెంల పడేసింది. కార్డు ఖరాబైంది. నీ పాట లేకపోతే పండుకోదాయె, ఒకటే ఏడుపు. నీకు జెప్తె బాధ పడ్తవని జెప్పలే. అప్పుడే పక్కింటోళ్లు సీడీ తెచ్చిండ్రు. బాపు పాట అని పెట్టిన. ఊకున్నది. ఆ గొంతే నీదనుకుంటున్నది."

ఆమెను ఏమనాలి? పొద్దంతా బీడీలు చుట్టి, రాత్రంతా ఏడ్చే పిల్లను ఎత్తుకుని తిరిగిన మనిషి. నేనైనా అదే చేసేవాణ్ని. అన్న ఫోన్‌లో మా పాత రికార్డు ఇంకా ఉంది. దాన్ని నా ఫోన్ దగ్గర పెట్టి వినిపించాను. డబ్బా మోగింది, నేను పాడాను, అన్న పిలిచాడు, ఎవరో దగ్గారు. "బంద్ చెయ్యమను" అంది పిల్ల, దూరం నుంచి. అన్న తన ఫోన్ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. ఆ ముసలాయన బండెక్కకపోతే, ఆ పాట వినకపోతే, స్వింగ్ అంటే డ్యాన్సని మొదటిరోజే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అని కుమిలిపోయాను. ఊళ్లో గల్ఫ్ పోయినవాళ్ల పిల్లలందరికీ ఉన్నట్టు నా పిల్లకూ బాపు అంటే బుగులు మాత్రమే ఉండేది, సెలవు మీద వెళ్లాక నాలుగు రోజుల్లో పోయేది. ఇప్పుడు అలా కాదు. దాని మనసులో బాపు ఉన్నాడు, నిండుగా ఉన్నాడు. ఆ బాపు నేను కాదు.

సెలూన్ అతని దగ్గర సీడీ అడిగి తెచ్చుకున్నాను. ముసలాయన సైట్‌లోకి వెళ్లగానే బండి అద్దాలు ఎత్తి, ఆయన సీడీ తీసి నాది పెట్టేవాణ్ని. ముక్కుతో పాడటం నేర్చుకున్నాను. పాదం చివర ఆ విరుపు రావడానికి చాలా తిప్పలుపడ్డాను, గొంతు బొంగురుపోయింది. బిడ్డా అని వచ్చిన చోటల్లా పిల్లా అనడం అన్నిటికంటే కష్టమైంది. నోరు తిరిగేది కాదు.

శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి, పిల్లకు ఇవ్వమన్నాను. నా భార్య భయపడుతూనే ఇచ్చింది. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఉరుకుల తాళంలో, ముక్కుతో, "ఊగవే పిల్లా ఊగవే" అని ఎత్తుకున్నాను. పాదం చివర విరిచాను. అవతల ఊపిరి ఆగింది. నాకు తెలిసిన ఊపిరే.

"బాపూ," అని కిలకిలా నవ్వింది. "బాపూ, ఎప్పుడొస్తవే?"

నా గొంతు నాకు అడ్డం వచ్చింది. దాన్ని లోపలికి మింగి, మళ్లీ ఆ ముక్కు గొంతుతోనే, "వస్తున్న బిడ్డా, జల్దీ వస్తున్న," అన్నాను.